బ్రేకు ప్యాడ్లు మార్చాలన్నప్పుడు



చింతపండు కొనేటప్పుడు గింజ తీసిందా, పీచు తీసిందా, పాతదా, కొత్తదా అని మనం అటూ ఇటూ తిప్పి చూస్తాం. కందిపప్పు రెండు బద్దలు నోట్లో వేసుకుని కొరికి చూస్తాం. చీర కొంగు వెలుతురుకు పట్టి నేత చూస్తాం. అంత గట్టివాళ్ళం మనం. అయినా ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చునే కారుకు బ్రేకు ప్యాడ్లు మార్చాలని మెకానిక్ అంటే మాత్రం, “సరే నాయనా, ఏవో ఒకటి వెయ్యి” అని ఊరుకుంటాం. మన ఇంట్లోకి వచ్చే వస్తువుల్లో ఎవరూ చూడకుండా, ఎవరూ బేరమాడకుండా, పెట్టె మీద ఏం రాసుందో కూడా చదవకుండా కొనే వస్తువు బహుశా ఇదొక్కటే.

ఇది మగవాళ్ళ వ్యవహారం కదా అని రేడియో కట్టెయ్యకండి. ఇవాళ కర్నూల్లో, కడపలో పిల్లల్ని బడికి దింపేది, మామగారిని ఆసుపత్రికి తీసుకుపోయేది చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళే. నడపనివాళ్ళం కూడా పక్క సీట్లో కూర్చునేవాళ్ళమే కదా! ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ కారు ఎలా ఆగుతుందో తెలుసుకునే హక్కు లేదంటారా?

బ్రేకు పనిచేసే తీరు బ్రహ్మవిద్యేం కాదు. పాత సైకిలు గుర్తుందా? చేత్తో నొక్కితే రెండు రబ్బరు ముక్కలు రెండు వైపుల నుంచీ వచ్చి చక్రం రిమ్మును పట్టుకునేవి. కారు ముందు చక్రంలోనూ జరిగేది అదే. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం ఒకటుంటుంది. దాన్ని డిస్కు అంటారు. దానికి లోపలొకటి, బయటొకటి ప్యాడ్లుంటాయి. మనం పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు ఒత్తిడికి ఆ రెండూ దగ్గరికొచ్చి పళ్ళేన్ని గట్టిగా నొక్కి పడతాయి. ఈ లెక్కన ముందు చక్రాలు రెంటికీ కలిపి నాలుగు ప్యాడ్లు. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక చక్రాల్లో డిస్కులుండవు, డ్రమ్ములుంటాయి. వాటి లోపలుండేవి ప్యాడ్లు కావు, బ్రేకు షూలు. వెనకటి అంబాసిడర్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి.

బ్రేకు వెయ్యగానే మనం ముందుకు తూలుతాం చూశారా? కారు బరువు కూడా అలాగే ముందు చక్రాల మీదికి తూలుతుంది. ఆపే పనిలో పెద్దవాటా ముందు ప్యాడ్లదే. అవి త్వరగా అరిగేదీ అందుకే. ముందు చక్రాల రిమ్ముల మీద నల్లటి పొడి పేరుకుంటుందే, అది రోడ్డు దుమ్మొక్కటే కాదు, అరిగిపోయిన ప్యాడు కూడా.

సరే, ఆపడమంటే ఏమిటి? పరుగెత్తే కారులో ఉన్న శక్తి ఎక్కడికో మాయమైపోదు, వేడిగా మారుతుంది. ఆ వేడినంతా మింగేది డిస్కూ, ప్యాడ్లూ. వేగం రెట్టింపైతే ఈ వేడి నాలుగింతలవుతుంది. అరవైలో పోయే కారును ఆపడానికీ, ఎనభైలో పోయే కారును ఆపడానికీ తేడా మూడో వంతే అనుకుంటాం. నిజానికి బ్రేకుల మీద పడే పని దాదాపు రెట్టింపు.

కొండ దిగేటప్పుడు సంగతి ఇంకా చెప్పుకోవాలి. మనవాళ్ళందరికీ తెలిసిన తిరుమలనే తీసుకోండి. మొదటి ఘాటు రోడ్డు 1944లో వేశారు. 1974లో రెండోది వచ్చింది. ఇప్పుడు ఎక్కడానికి రెండోది, దిగడానికి మొదటిది. పైకీ కిందికీ ఎత్తులో తేడా ఆరేడు వందల మీటర్లుంటుంది. కారూ, అందులో అయిదుగురు మనుషులూ కలిపి 1,200 కిలోలనుకుందాం. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు బయటపడే శక్తినంతా వేడిగా మార్చి నీళ్ళకు పడితే, పాతిక లీటర్ల కుళాయి నీళ్ళు తెర్లేదాకా కాగుతాయి. పెళ్ళి వంటల్లో ఒక పెద్ద గుండిగ నిండా ఎసరన్నమాట! అందులో గాలి కొంత తీసుకుపోతుంది. సరైన గేరులో దిగితే ఇంజను చాలాభాగం అడ్డుకుంటుంది. అలా దిగకపోతే మిగిలిన భారమంతా బ్రేకుల నెత్తినే పడుతుంది.

మనకు తిరుమలే కాదు. కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటుంది. నంద్యాల నుంచి గిద్దలూరుకు పోతే నల్లమల ఘాటు. దోర్నాల మీదుగా శ్రీశైలం పోతే మెలికల మీద మెలికలు. గువ్వలచెరువులో పాలకోవా కొనుక్కుని, పిల్లలకు తలా ఒక ముద్ద పెట్టి కడప వైపు దిగడం మొదలుపెడతాం. మనం కోవా తీపిలో ఉంటాం. ముందు చక్రాల్లో ప్యాడ్లు అప్పుడే సలసల కాగడం మొదలవుతుంది. ఎండాకాలం మన దగ్గర 45 డిగ్రీలంటే బ్రేకులు ఎండకు చెడిపోతాయేమోనని కొందరు భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. ఘాటు దిగేటప్పుడు బ్రేకుల్లో పుట్టే వేడి కొన్ని వందల డిగ్రీలు. దాని ముందు మన ఎండ చన్నీళ్ళతో సమానం.

ఇక్కడే నాసిరకం ప్యాడు గుట్టు బయటపడుతుంది. ఊళ్ళో బడికీ, మార్కెట్టుకూ తిరిగినన్నాళ్ళు మంచి ప్యాడూ, చెడ్డ ప్యాడూ ఒకేలా ఆపుతాయి. తేడా ఏమీ తెలియదు. వేడెక్కినప్పుడే తెలుస్తుంది. అదెలాగో చెబుతాను. ప్యాడంటే వెనక ఒక ఇనుప రేకు, దానికి గట్టిగా అంటించిన ముద్ద. ఆ ముద్దలో మన మసాలా పొడిలో లాగా పది, పదిహేను, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ దినుసులుంటాయి. నారలాంటివి, లోహపు పొడులు, గ్రాఫైటు, రాతి పొడులు. వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచేది రెజిన్ అనే పదార్థం. మన ప్రెషర్ కుక్కరు పిడి నల్లగా, గట్టిగా ఉంటుందే, ఆ పిడి ఏ జాతిదో ప్యాడులో రెజిన్ కూడా సాధారణంగా ఆ జాతిదే. కుక్కరు పిడికి మంట సోకితే ఘాటైన వాసన వస్తుందని మీకు నేను చెప్పాలా? ఘాటు దిగినాక కారు ముందు చక్రాల దగ్గర వచ్చే వాసన దానికి చుట్టమే. మితిమీరి కాగితే రెజిన్ నుంచి ఆవిర్లు పుట్టి ప్యాడుకూ, పళ్ళేనికీ మధ్య చేరతాయి. పట్టు జారిపోతుంది. అప్పుడు పెడలు రాయిలా గట్టిగానే ఉంటుంది, కాలితో ఎంత తొక్కినా కారు మాత్రం ఆగదు. మంచి కంపెనీవాళ్ళు ప్యాడును తయారీలోనే సరిగ్గా కాల్చి, పరీక్షలు చేసి, ఈ స్థితి వీలైనంత దూరంలో ఉండేట్టు చూస్తారు. రెజిన్ తక్కువ రకంది వేసి, సరిగ్గా ఉడికించకుండా పెట్టెలో పెట్టి అమ్మేవాడికి ఆ బాధ లేదు. వాడి ప్యాడు కూడా నల్లగానే ఉంటుంది, మన చక్రంలో సరిగ్గానే కూర్చుంటుంది. ధరలో మిగిలిన నాలుగైదు వందలు మనకు కనిపిస్తాయి. లోపల మిగిలిపోయిన ఉడుకు కనిపించదు.

మసాలా దినుసుల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఈ ప్యాడ్లలో వేసే రాతి పొడుల్లో ముఖ్యమైనది బెరైటీస్. అదేనండీ, మన ముగ్గురాయి! ఓబులవారిపల్లె దగ్గర మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే చాలా పెద్దవాటిల్లో ఒకటి. ఎక్కువ భాగం నూనె బావులు తవ్వేందుకు విదేశాలకు పోతుంది. ఎంత వేడికైనా తొణకని గుణం ఉంది కాబట్టి ఈ రాయిని బ్రేకు ప్యాడ్ల ముద్దలో కూడా కలుపుతారు. మన కడప మట్టి ఇలా లోకంలో ఎన్ని కార్లను ఆపుతున్నదో!

అయితే కడప సీమలో దొరికిన ఇంకో రాయి కథ ఇంత ముచ్చటైనది కాదు. పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవి. రాతినారంటే ఆస్బెస్టాస్. అగ్గిలో వేసినా కాలదు, పత్తిలా దారాలు దారాలుగా విడిపోతుంది. బ్రేకులకు ఇంతకంటే ఏం కావాలి? అందుకని కొన్ని దశాబ్దాల పాటు లోకమంతటా బ్రేకు లైనింగుల్లో దీన్నే వాడారు. దాని నూగు కంటికి కనపడనంత సన్నం. ఊపిరిలో పోయి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే మళ్ళీ బయటికి రాదు. జబ్బు ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు బయటపడుతుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం ఒకటి, ఊపిరితిత్తుల క్యాన్సరు ఒకటి, వాటిని కప్పి ఉండే పొరకు వచ్చే మరో రకం క్యాన్సరు ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం ఆస్బెస్టాసులో అన్ని రకాలనూ క్యాన్సరు కారకాలుగానే లెక్కగట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 1986లో రాతినార తవ్వకానికి కొత్త లీజులివ్వడం ఆపింది. 1993లో ఉన్నవాటిని పొడిగించడం కూడా ఆపింది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు ఈ పనివాళ్ళ ఆరోగ్య రికార్డులు 40 ఏళ్ళపాటు భద్రపరచాలని తీర్పు చెప్పింది. జబ్బు అంత తాపీగా వస్తుంది కాబట్టి.

ఇదంతా గృహిణులకెందుకంటారా? 1965లో లండనులో ఇద్దరు పరిశోధకులు, ఆ పొర క్యాన్సరు వచ్చినవాళ్ళు ఎవరెవరు, ఎక్కడ పనిచేశారు అని విచారించారు. అందులో ఆస్బెస్టాసు ఫ్యాక్టరీ గడప తొక్కని వాళ్ళు కూడా కొందరు తేలారు. వాళ్ళు చేసిందల్లా ఒకే ఇంట్లో కాపురముండటం, ఎక్కువమంది విషయంలో ఇంటికొచ్చిన మగవాళ్ళ పని బట్టలు దులిపి ఉతకడం! మన వీధి చివరి షెడ్డులో పనిచేసే మెకానిక్ ఇంటి ఇల్లాలు కూడా ఆ మసి బట్టలే ఉతుకుతుంది. మంచి కంపెనీల ప్యాడ్లలో ఇప్పుడు ఆస్బెస్టాసు లేదు. పెట్టె మీద ‘ఆస్బెస్టాస్ ఫ్రీ’ అని రాసి ఉంటుంది. పేరూ ఊరూ లేని చవక సరుకులో ఏం కలిపారో, పాత బండి డ్రమ్ములో ఏ కాలం నాటి లైనరు ఉందో కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఆ మాట రాసి ఉన్న పెట్టే అడగండి. షెడ్డులో డ్రమ్ము విప్పి గాలి పైపుతో ‘బుస్సు’మని దుమ్ము ఊదబోతే, “అన్నా, ఊదొద్దు, తడిగుడ్డతో తుడువు” అని ఒక మాట అనండి. పిల్లల్ని ఆ పక్కన నిలబెట్టకండి. ఆ మాట మన కోసం ఎంతో, అతని కోసం, అతని ఇంట్లోవాళ్ళ కోసం అంతకన్నా ఎక్కువ.

ఇప్పుడు అంగట్లోకి పోదాం. ప్యాడ్లలో రకాలున్నాయని మెకానిక్ చెబుతాడు. ‘ఆర్గానిక్’ అనేవి కాస్త మెత్తనివి. శబ్దం చెయ్యవు, చల్లగా ఉన్నప్పుడు కూడా బాగా పడతాయి, పళ్ళేన్ని ఎక్కువ అరగదియ్యవు. కాకపోతే అవే త్వరగా అరుగుతాయి, విపరీతమైన వేడి తట్టుకోవడంలో కాస్త వెనక. ‘సెమీ మెటాలిక్’ అంటే ఉక్కు నార, ఇనుప పొడి ఎక్కువ పడ్డవి. వేడికి గట్టివి. కానీ కొంచెం గోల చేస్తాయి, డిస్కును అరగదీస్తాయి. ‘సిరామిక్’ అంటే మన కుమ్మరి మట్టి కాదు, అదో రకం నార కలిపింది. నల్ల పొడి తక్కువ రాలుతుంది, చప్పుడుండదు, ధర ఎక్కువ. ఇన్ని చెప్పి నన్నడిగితే, కారు కంపెనీ మొదట ఏ రకం వేసిందో ఆ రకమే మళ్ళీ వెయ్యమంటాను. ఆ కారు బరువుకూ, ఆ డిస్కుకూ, ఆ వెనక డ్రమ్ములకూ సరిపడేట్టు లెక్క చూసి వేసిన రకమది. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన ఎక్కువ భద్రత రాదు. పందెం కార్ల కోసం చేసిన ప్యాడ్లు కొందరు కుర్రవాళ్ళు ముచ్చటపడి వేయిస్తుంటారు. అవి బాగా వేడెక్కితే గానీ పట్టవు. పొద్దున్నే వీధి మలుపులో అడ్డమొచ్చిన దూడను చూసి తొక్కితే, అవి ఇంకా నిద్రలోనే ఉంటాయి. వారానికి మూడుసార్లు ఘాటెక్కే బాడుగ కారువాళ్ళ సంగతి వేరు. వాళ్ళు తమ కారుకు సరిపడే వాటిలోనే వేడికి గట్టివి అడిగి వేయించుకోవచ్చు.

ప్యాడు అంచునో, వెనక రేకు మీదో చిన్న అంకెలూ అక్షరాలూ ఉంటాయి. వాటి చివర సాధారణంగా రెండు ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన కనిపిస్తాయి. ఇది అమెరికావాళ్ళు పెట్టిన గుర్తు. చాలా కంపెనీలు వేస్తాయి. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు ఎంతో చెబుతుంది, రెండోది బాగా కాగినప్పుడు పట్టు ఎంతో చెబుతుంది. ‘ఇ’ కంటే ‘ఎఫ్’ ఎక్కువ, ‘ఎఫ్’ కంటే ‘జి’ ఎక్కువ. మొదటిది ‘ఎఫ్’ అయి రెండోది ‘ఇ’ అయితే, కాగినప్పుడు పట్టు తగ్గుతుందని అర్థం. రెండూ ‘ఎఫ్’ అయితే కాగినా నిలబడుతుంది. ఈ గుర్తు నాణ్యతకు పూచీ కాదు, కానీ కొలిచి చూసి ఉంటారన్న ఆనవాలు.

కారు కంపెనీ పేరుతో వచ్చే ప్యాడ్లు ఉన్నాయి, విడిభాగాల కంపెనీలు తమ సొంత పేరుతో అమ్మేవీ ఉన్నాయి. రెండో రకమంటే తక్కువ చూపు చూడనక్కర్లేదు. బ్రేకులు స్వయంగా కారు కంపెనీలన్నీ చేసుకోవు, ఇలాంటివాళ్ళ దగ్గరే కొంటాయి. మనకు పక్కనే చెన్నైలో బ్రేక్స్ ఇండియా 1962లో మొదలైంది, రాణే వారి బ్రేకు లైనింగుల కంపెనీ 1964లో. భయమల్లా ఈ పేర్లు పెట్టుకుని తిరిగే డూప్లికేట్లతోనే. పెట్టె మీద అచ్చు అలుక్కుపోయిందా, స్పెల్లింగు తప్పుందా, తయారైన నెల, గరిష్ఠ ధర ఉన్నాయా, మెరిసే హోలోగ్రాము ఉందా లేదా చూడండి. ప్యాడు చేతిలోకి తీసుకుని అంచు గోటితో గీకండి. మురుకు అంచులా పొడి రాలితే వెనక్కిచ్చెయ్యండి. పెట్టె మీది పార్టు నంబరు మన కారు మోడలుకూ, తయారైన సంవత్సరానికీ సరిపోతుందో లేదో షాపువాణ్ణే చూసి చెప్పమనండి. ఒకే పేరున్న కారుకు ఏడాదిని బట్టి ప్యాడ్లు మారుతుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం బిల్లు. బిల్లివ్వనన్నవాడి సరుకు ఎంత చవకైనా వద్దు. చిన్న కారు ముందు ప్యాడ్ల సెట్టుకయ్యే ఖర్చు పండక్కి కొనే మామూలు చీర ఖరీదును దాటదు. ఆ చీరకు మనం ఎన్ని అంగళ్ళు తిరుగుతాం!

మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఇన్ని వేల కిలోమీటర్లని ఒక లెక్క చెప్పలేం. కడప టౌనులో ఆగి ఆగి తిరిగే కారుకూ, కర్నూలు నుంచి హైదరాబాదుకు నాలుగు వరసల రోడ్డు మీద సాగిపోయే కారుకూ పోలికే లేదు. కొత్త ప్యాడు ముద్ద మందం సుమారు ఒక సెంటీమీటరు ఉంటుంది. అరిగి 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చాల్సిందే. రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత అనుకోండి. వెనక రేకు మందం అందులో కలపకూడదు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప నాలుక ఉంటుంది. ముద్ద అరిగేసరికి అది పళ్ళేనికి తగిలి ‘కీ...’ మని సన్నగా అరుస్తుంది. పోపు మాడుతున్నప్పుడు వాసన వచ్చినట్టు, అది కావాలని పెట్టిన కూత. “ఇంకో ఐదు వేలు పోతాదిలేక్కా” అంటాడు మెకానిక్. ఆ మాట వినకండి. కూత పోయి గరగరమని రాపిడి శబ్దం వచ్చిందంటే, ముద్ద అయిపోయి రేకు పళ్ళేన్ని గీస్తున్నదన్నమాట. అప్పుడు ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా కొనాలి. వానలో తడిసిన కారు మర్నాడు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే మాత్రం గాబరా పడకండి. పళ్ళేనికి రాత్రి పట్టిన పలచటి తుప్పు అది, రాసుకుని పోతుంది. బేతంచెర్ల, బనగానపల్లె దారుల్లో నాపరాళ్ళ లారీల వెనక తిరిగే కార్లకు రాతి పలుకు చిక్కుకుని గీతలు పడడమూ ఉంది. శబ్దం నాలుగైదు బ్రేకులకు పోకపోతే చూపించండి.

ఒక చక్రానికే మార్చి ఊరుకోకూడదు. ఎడమా కుడీ జతగా మార్చాలి. లేకపోతే బ్రేకు వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది. తీసిన పాత ప్యాడ్లు అడిగి చేతిలోకి తీసుకోండి. టైలరు దగ్గర మిగిలిన గుడ్డ అడిగి తెచ్చుకోమూ? అలాగే. ఒకే చక్రంలో లోపలి ప్యాడు బాగా అరిగి, బయటిది లావుగా ఉంటే ప్యాడ్లను నొక్కే భాగం సరిగ్గా జరగడం లేదని అర్థం. దాని పిన్నులు శుభ్రం చేసి, అందుకు తగిన గ్రీజు పెట్టకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే పోతాయి. డిస్కు ఎంత పలచబడేదాకా వాడవచ్చో సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది. కొలిచి చెప్పమనండి. వెనక షూలు ఎప్పుడో గానీ మార్చాల్సిరాదు. అయినా ముందువి మార్చినప్పుడల్లా డ్రమ్ము విప్పి ఒకసారి చూడమనడం మంచిది.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా వినండి. కొత్త ప్యాడ్లు కూర్చోబెట్టడానికి మెకానిక్ లోపలి పిస్టన్ను వెనక్కి నెడతాడు. పని అయ్యాక మొదటిసారి పెడలు తొక్కితే అది ఆధారం లేకుండా నేలదాకా పోతుంది. కారు కదలకముందే, నిలబెట్టినచోటే, పెడలు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. ఇది చెయ్యకుండా షెడ్డులోంచి వెనక్కి తీసి గోడకు గుద్దినవాళ్ళున్నారు. రోడ్డు మీదికే వచ్చేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు కాస్త మెల్లగా, ముందుచూపుతో ఆపుతూ పోవాలి. కొత్త ప్యాడు, పాత పళ్ళెం ఒకదానికొకటి ఒదగాలి గదా. రేపు తిరుమల ప్రయాణం పెట్టుకుని ఇవాళ సాయంత్రం ప్యాడ్లు మార్పించకండి. పది రోజుల ముందే మార్పించండి.

బ్రేకు ఆయిలును కూడా మరచిపోకండి. ఉప్పు జాడీ మూత తీసి పెడితే ఎలా చెమ్మగిల్లుతుందో, అది కూడా గాలిలోని తేమను అలాగే పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడలు రాయిలా ఉండదు, మెత్తగా స్పంజిలా కిందికి దిగిపోతుంది. రెండేళ్ళకోసారి మార్పించాలి. డబ్బా మీద ‘డాట్ 3’, ‘డాట్ 4’ అని ఉంటుంది. కారు పుస్తకంలో ఏది రాశారో అదే పొయ్యాలి.

ఎంత మంచి ప్యాడైనా దిగే పద్ధతి తెలియకపోతే ఏం చేస్తుంది? పెట్రోలు కలిసొస్తుందని ఘాటులో గేరు తీసేసి న్యూట్రల్లో దిగే మహానుభావులున్నారు. కొందరైతే ఇంజనే ఆపేస్తారు. ఇంజను ఆగితే బ్రేకుకు దన్నుగా ఉండే బూస్టరు రెండు మూడు తొక్కుళ్ళకు ఖాళీ అయిపోతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది. పోనీ పెట్రోలైనా మిగులుతుందా అంటే, ఇప్పటి కార్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే దిగుడులో ఇంజనుకు పెట్రోలు పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్లో పెడితేనే ఇంజను ఆరిపోకుండా ఉండడానికి కాస్త కాస్త తాగుతూనే ఉంటుంది. అంటే ఆ పొదుపు వట్టిదే. రెండో గేరులో పెట్టి ఇంజను చేత ఆపించుకుంటూ, బ్రేకు మీద కాలు అదేపనిగా ఉంచకుండా, అవసరమైనచోట గట్టిగా ఒకసారి తొక్కి వదులుతూ దిగాలి. ఆటోమేటిక్ కారైతే కింది గేరు పెట్టుకునే గుర్తు దానికీ ఉంటుంది. పక్క సీట్లోంచి, “ఏమండీ, గేరులోనే ఉందా?” అని అడగడానికి మొహమాటపడకండి. కుక్కరు పిడి కాలిన వాసన వస్తే కారు పక్కకు తీసి అరగంట ఆపించండి. చక్రాల మీద నీళ్ళు మాత్రం కుమ్మరించకండి. కాగిన పెనం మీద చన్నీళ్ళు పోసినట్టు పళ్ళెం వంకర పోతుంది.

గ్యాసు సిలిండరు ఎప్పుడు వచ్చిందో వంటింటి అలమర తలుపు లోపల రాసిపెట్టుకుంటాం కదా. దాని పక్కనే ప్యాడ్లు మార్చిన తేదీ, ఆవేళ కారు మీటరులో ఉన్న కిలోమీటర్లు, ఆయిలు మార్చిన నెల రాసుకోండి. ఈసారి మెకానిక్ “మొన్ననే గదక్కా మార్చింది” అన్నప్పుడు, మొన్నంటే ఎప్పుడో తలుపు తీసి చూసి చెప్పొచ్చు.